కేసు పెట్టారు, వకీలు లేడు: అప్పుడేం చేయాలి?

హిందీ మాట్లాడే ఊళ్లలో చదువుకుంటున్న మన తెలుగు పిల్లలు ఒక మాట దగ్గర తరచూ తికమక పడుతుంటారు. తెలుగులో 'ముద్దాయి' అంటే నేరారోపణ ఎదుర్కొంటున్నవాడు. హిందీలో, ఉర్దూలో 'ముద్దయీ' అంటే దావా వేసినవాడు. ఒకే మాట, కోర్టు గదిలో అటు పక్క నుంచి ఇటు పక్కకు వచ్చి నిలబడింది. నిజ జీవితంలోనూ ఈ మార్పుకు పెద్దగా సమయం పట్టదు. పొలం గట్టు తగాదాలో ఉదయం ఫిర్యాదు ఇచ్చి వచ్చినవాడి మీద సాయంత్రానికి ఎదుటివాళ్లు మరో ఫిర్యాదు ఇస్తారు. పొద్దున ఫిర్యాదుదారు, రాత్రికి ముద్దాయి.

అలాంటి మనిషికి చట్టం ఏ సాయం ఇస్తుంది, ఆ సాయం ఎక్కడ దొరుకుతుంది, ఎలా అడగాలి అన్నది ఈ పాఠంలో తెలుసుకుందాం. పౌరశాస్త్రం పుస్తకంలో ఇది రెండు మూడు వాక్యాలతో అయిపోతుంది. పరీక్షకు అవి చాలు. అర్ధరాత్రి పోలీస్ స్టేషన్ ముందు నిలబడిన కుటుంబానికి మాత్రం చాలవు.

ఈ విషయం చర్చకు పెట్టినప్పుడల్లా తరగతిలో మొదట లేచే ప్రశ్న ఒకటే: "తప్పు చేసినవాడికి ప్రభుత్వం మన డబ్బుతో వకీలును పెట్టడం ఏమిటి?" ప్రశ్న మంచిదే. అయితే తప్పు చేశాడని ఎవరు తేల్చారు? పోలీసులు ఎఫ్‌ఐఆర్ రాస్తారు, దర్యాప్తు చేస్తారు, అభియోగ పత్రం దాఖలు చేస్తారు. తేల్చేది కోర్టు. అంతవరకు అతను నిందితుడు, అంటే నింద పడినవాడు, అంతే. పత్రికలు ఒక్కోసారి తొందరపడి 'దోషి' అని రాసేస్తుంటాయి. ఆ తొందర మనకు అక్కర్లేదు.

క్రిమినల్ కేసులో ఎదుటి పక్షం ఎవరో కూడా చూడండి. ఫిర్యాదు ఇచ్చింది పక్కింటాయనే అయినా కేసు కాగితాల మీద ఆ స్థానంలో 'రాష్ట్రం' అని ఉంటుంది. రాష్ట్రం తరఫున పోలీసు యంత్రాంగం ఉంది, ఫోరెన్సిక్ ల్యాబు ఉంది, జీతం తీసుకుని వాదించే పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఉన్నాడు. వీళ్లందరి ఖర్చూ మన పన్నుల డబ్బే. ఇటు పక్కన నిలబడిన కూలీకి చార్జిషీటు చదవడం కూడా రాకపోవచ్చు. ఇద్దరి మాటా సమానంగా వినిపించకపోతే న్యాయమూర్తికి మాత్రం నిజం ఎలా తెలుస్తుంది?

రాజ్యాంగం ఏమంది

రాజ్యాంగ సభలో 1949 సెప్టెంబర్ 15న డాక్టర్ అంబేద్కర్ ఒక కొత్త అధికరణాన్ని ప్రతిపాదించారు. అప్పటి ముసాయిదాలో దాని సంఖ్య 15ఎ. ఇప్పుడది మన 22వ అధికరణం. అరెస్టు చేసినవారికి కారణం చెప్పాలి. తనకు నచ్చిన న్యాయవాదితో మాట్లాడే హక్కును, ఆయన ద్వారా వాదించుకునే హక్కును కాదనకూడదు. ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లోగా మేజిస్ట్రేట్ ముందు హాజరు పరచాలి. నివారక నిర్బంధ చట్టాల కింద పట్టుకున్నవారికి వేరే నియమాలున్నాయి, వాటి జోలికి ఇక్కడ వెళ్లం.

'నచ్చిన న్యాయవాది' అన్నారు బాగానే ఉంది, ఫీజు ఎవరిస్తారు? 22వ అధికరణం ఆ సంగతి చెప్పలేదు. 1976లో 42వ సవరణ ద్వారా 39ఎ అధికరణం వచ్చింది. పేదరికం వల్ల గానీ మరే ఇబ్బంది వల్ల గానీ ఎవరికీ న్యాయం అందకుండా పోకూడదని, అందుకోసం ప్రభుత్వం ఉచిత న్యాయ సహాయం ఏర్పాటు చేయాలని అది చెబుతుంది. కానీ అది ఆదేశిక సూత్రాల భాగంలో ఉంది. ఆదేశిక సూత్రాన్ని పట్టుకుని నేరుగా కోర్టుకు వెళ్లలేమని మనం పదో తరగతి లోపే చదివాం. మరి అది హక్కు ఎలా అయింది? మూడు కేసులు చూద్దాం.

బీహార్ జైళ్లు, 1979

పోలీసు అధికారి కె.ఎఫ్. రుస్తంజీ బీహార్ జైళ్లలోని విచారణ ఖైదీల గురించి ఇండియన్ ఎక్స్‌ప్రెస్ పత్రికలో వ్యాసాలు రాశారు. వాటిని చదివిన న్యాయవాది కపిలా హింగోరాణీ సుప్రీంకోర్టులో పిటిషన్ వేశారు. ఆ ఖైదీల్లో ఒకరైన హుస్సేనారా ఖాతూన్ పేరే కేసుకు పేరైంది. విచారణ మొదలవకుండానే ఏళ్ల తరబడి జైల్లో ఉన్నవాళ్లు వందల్లో బయటపడ్డారు. మోపిన నేరం రుజువైతే పడే గరిష్ఠ శిక్ష కంటే ఎక్కువ కాలం అప్పటికే లోపల గడిపినవాళ్లున్నారు. ఏ నేరమూ చేయకపోయినా సాక్షులుగానో బాధితులుగానో 'రక్షణ' పేరుతో జైల్లో ఉంచిన ఆడవాళ్లు కూడా ఉన్నారు.

జస్టిస్ పి.ఎన్. భగవతి ధర్మాసనం ఆ కేసులో రెండు విషయాలు తేల్చింది. త్వరితగతిన విచారణ జరగడం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగం. పేద నిందితుడికి ఉచితంగా న్యాయవాదిని ఇవ్వడం కూడా అందులో భాగమే. వకీలు లేకుండా ఒక మనిషి స్వేచ్ఛను తీసేసే పద్ధతి న్యాయమైన పద్ధతి కాదన్నది అందులోని తర్కం. అలా 39ఎలో ఉన్న ఆశయం 21లో హక్కుగా మారింది.

అడగలేదు కాబట్టి ఇవ్వలేదు

రెండో కేసు అంత ప్రసిద్ధి చెందలేదు. మా ఉద్దేశంలో విద్యార్థులు తప్పక చదవాల్సింది మాత్రం అదే. అరుణాచల్ ప్రదేశ్‌లో సుక్ దాస్ అనే ప్రభుత్వ ఉద్యోగి ఉండేవాడు. బదిలీ ఉత్తర్వులు రద్దు చేయమని మరికొందరితో కలిసి ఒక అసిస్టెంట్ ఇంజనీరును బెదిరించాడని కేసు పెట్టారు. వకీలును పెట్టుకునే స్తోమత అతనికి లేదు. సాక్షులను అడ్డు ప్రశ్నలు ఎలా అడగాలో తెలిసినవాడు పక్కన లేకుండానే విచారణ ముగిసింది. రెండేళ్ల శిక్ష పడింది.

గౌహతి హైకోర్టుకు అప్పీలు వెళ్లింది. వకీలు లేకుండా జరిగిన విచారణ చెల్లదని వాదించారు. హైకోర్టు ఒప్పుకోలేదు. ఉచిత న్యాయ సహాయం కావాలని అతను దరఖాస్తు పెట్టుకోలేదు కదా, అడగనప్పుడు ఇవ్వలేదని ఎలా తప్పు పడతాం అంది. పైకి వినడానికి సబబుగానే ఉంటుంది. బడిలో స్కాలర్‌షిప్పైనా, బ్యాంకులో రుణమైనా అడిగినవాడికే ఇస్తారు.

1986లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. మన దేశంలో పల్లె జనంలో ఎక్కువ మందికి చదువు లేదు, చదువున్నవారికీ తమ హక్కులేమిటో తెలియదు, తనకు తెలియని హక్కును మనిషి ఎలా అడుగుతాడు అని ప్రశ్నించింది. కాబట్టి వకీలు లేకుండా ఎదుట నిలబడిన ప్రతి నిందితుడికీ "నీకు ఉచితంగా న్యాయవాదిని ఇస్తాం, కావాలా?" అని చెప్పాల్సిన బాధ్యత మేజిస్ట్రేటుదే, సెషన్స్ జడ్జిదే. అలా చెప్పకుండా నడిపిన విచారణ చెల్లదని శిక్షను రద్దు చేసింది. అంతకు ఐదేళ్ల ముందు, 1981లో భాగల్‌పూర్ ఖైదీల కేసులోనూ ఇదే ధోరణిలో మాట్లాడింది. నిందితుడిని మొట్టమొదటిసారి మేజిస్ట్రేట్ ముందు హాజరు పరచిన క్షణం నుంచే ఈ హక్కు మొదలవుతుందని, ఖజానాలో డబ్బు లేదని ప్రభుత్వం తప్పించుకోకూడదని ఆ తీర్పు సారాంశం.

హక్కుల గురించి మాట్లాడేటప్పుడు మనం 'అడిగే ధైర్యం ఉండాలి' అంటుంటాం. సుక్ దాస్ తీర్పు బరువును మరోవైపు పెట్టింది. తెలిసినవాడు చెప్పాలి. నల్లకోటు వేసుకున్నవారి ముందు నోరు పెగలని మనిషికి ఇది చిన్న సంగతి కాదు.

పది వేల పూచీకత్తు

మూడో కేసు మోతీరామ్‌ది, 1978 నాటిది. మధ్యప్రదేశ్‌కు చెందిన తాపీ మేస్త్రీ. సుప్రీంకోర్టు అతనికి బెయిల్ ఇచ్చి, షరతులు నిర్ణయించే పని కింది కోర్టుకు వదిలింది. అక్కడి మేజిస్ట్రేటు 10,000 రూపాయల పూచీకత్తు అడిగారు. ఆ రోజుల్లో ఒక మేస్త్రీ అంత సొమ్ము ఎక్కడి నుంచి తెస్తాడు? సొంత అన్నదమ్ముడు పూచీ ఉంటానని ముందుకొస్తే, ఆస్తి వేరే జిల్లాలో ఉంది కాబట్టి కుదరదన్నారు. దేశంలోనే పెద్ద కోర్టు బెయిల్ ఇచ్చినా మోతీరామ్ జైల్లోనే ఉండిపోయాడు.

విషయం మళ్లీ జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ముందుకు వచ్చింది. ఆయన తీర్పులో మనవాళ్ల ప్రస్తావన కూడా ఉంది. ఒక మలయాళీనో, కన్నడిగుడినో, తమిళుడినో, తెలుగువాడినో బస్తర్‌లోనో పోర్ట్ బ్లెయిర్‌లోనో చాందినీ చౌక్‌లోనో అరెస్టు చేస్తే, ఆ ఊళ్లో ఆస్తి ఉన్న జామీనుదారును అతను ఎక్కడి నుంచి తెచ్చుకుంటాడని ఆయన అడిగారు. దేశం ఒకటే అయినప్పుడు జిల్లా దాటిన పూచీ ఎందుకు చెల్లదు? చివరికి మోతీరామ్‌ను 1,000 రూపాయల సొంత బాండు మీద వదలమన్నారు.

అమ్మానాన్నల బదిలీలతో రాష్ట్రాలు మారుతూ చదువుకునే మన పాఠశాలల పిల్లలకు ఈ ప్రశ్న అర్థం కావడానికి వేరే ఉదాహరణ అక్కర్లేదు. పాలమూరు నుంచి ముంబైకి కూలికి వెళ్లినవాళ్లు, శ్రీకాకుళం నుంచి గుజరాత్‌లోని వేరావల్‌కు చేపల వేటకు వెళ్లినవాళ్లు, అలాగే ఒడిశా నుంచి తెలంగాణ ఇటుక బట్టీలకు వచ్చినవాళ్లు, వీరిలో ఎవరి మీదైనా కేసు పడితే ముందు భాష అడ్డం, తర్వాత జామీను అడ్డం.

దేశం సరిహద్దు దాటితే సంగతి మరోలా ఉంటుంది. వేరావల్ నుంచి వేటకు వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులను 2018 చివర్లో పాకిస్తాన్ అధికారులు పట్టుకున్నారు. 2020 జనవరిలో వాఘా సరిహద్దు దగ్గర వాళ్లు మన గడ్డ మీద అడుగుపెట్టారు. అలాంటి చోట మన న్యాయ సేవాధికార సంస్థ పనిచేయదు, మన రాయబార కార్యాలయం ద్వారా సాయం అందాలి. భారత్, పాకిస్తాన్ ఏటా జనవరి 1న, జూలై 1న తమ జైళ్లలో ఉన్న ఎదుటి దేశస్తుల జాబితాలను మార్చుకుంటాయి. ఆ ఏర్పాటు 2008 నాటి ఒప్పందం వల్ల వచ్చింది.

ఇప్పుడున్న చట్టం

ఉచిత న్యాయ సహాయానికి ప్రత్యేకంగా చేసింది 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం. అమల్లోకి రావడానికి ఎనిమిదేళ్లు పట్టింది. 1995 నవంబర్ 9న వచ్చింది, అందుకే నవంబర్ 9ని న్యాయ సేవల దినోత్సవంగా జరుపుతారు. జాతీయ స్థాయిలో నల్సా, ప్రతి రాష్ట్రానికీ ఒక సంస్థ, ప్రతి జిల్లాకూ ఒక సంస్థ, వాటి కింద తాలూకా కమిటీలు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో వీటినే మండల న్యాయ సేవాధికార కమిటీలు అంటారు.

ఎవరికి ఇస్తారన్నది 12వ సెక్షన్‌లో ఉంది. షెడ్యూల్డ్ కులాలు, తెగలవారు, స్త్రీలు, పిల్లలు, దివ్యాంగులు, పరిశ్రమల కార్మికులు, మనుషుల అక్రమ రవాణాకు గానీ వెట్టికి గానీ బలైనవారు, వరదలు, భూకంపం, కుల దౌర్జన్యం వంటి విపత్తుల బాధితులు, నిర్ణీత ఆదాయం లోపు ఉన్నవారు అర్హులు. ఈ ఆదాయ పరిమితి రాష్ట్రానికో రకంగా ఉంటుంది. వీళ్లతో పాటు ఇంకొకరున్నారు, చాలామందికి తెలియనిది ఇదే: కస్టడీలో ఉన్న ఏ వ్యక్తి అయినా అర్హుడే. అతని ఆదాయం ఎంత, కులం ఏమిటి అని అడగక్కర్లేదు. జైల్లో ఉన్నాడు, వకీలు కావాలన్నాడు, అంతే చాలు. స్త్రీలకూ ఆదాయ పరిమితి లేదు.

2024 జూలై 1 నుంచి పాత సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. సెక్షన్ నంబర్లు మారాయి, అమ్మానాన్నలకు గుర్తున్న పాత నంబర్లు ఇప్పుడు పనికిరావు. హక్కులు చాలావరకు అవే. అరెస్టు కారణం చెప్పడం 47వ సెక్షన్, బంధువుకు కబురు చేయడం 48, 24 గంటల నియమం 58, విచారణ జరిగేటప్పుడు వకీలును కలుసుకునే హక్కు 38. ఈ 38 దగ్గర ఒక మెలిక ఉంది. పోలీసులు ప్రశ్నిస్తున్నంతసేపూ వకీలు పక్కనే కూర్చోవడానికి వీలుండదు, మధ్యలో కలిసి మాట్లాడవచ్చు. సెషన్స్ కోర్టు విచారణల్లోనే కాక ఏ కోర్టులోనైనా వకీలు లేని, స్తోమత లేని నిందితుడికి ప్రభుత్వ ఖర్చుతో న్యాయవాదిని పెట్టడం 341.

మొదటి ఇరవై నాలుగు గంటలు

పోలీసులు ప్రశ్నించడానికి పిలిచారంటే అరెస్టు చేసినట్టు కాదు. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో మామూలుగా ముందు నోటీసు ఇస్తారు. నోటీసు ప్రకారం వెళ్లి సహకరిస్తుంటే, ప్రత్యేక కారణాలు రాసి పెడితే తప్ప అరెస్టు చేయకూడదు. చేతిలో నోటీసు పడినప్పుడే వకీలును కలవడం మంచిది. అరెస్టు అయ్యాకే న్యాయ సహాయం ఇస్తారని చాలామంది అనుకుంటారు. నల్సా 2019లో తెచ్చిన పద్ధతి ప్రకారం అరెస్టుకు ముందు, స్టేషన్‌కు పిలిచిన దశలోనే ఉచితంగా న్యాయవాది సాయం కోరవచ్చు. ఇంకో మాట, సాక్షిగా ప్రశ్నించడానికైతే స్త్రీలను, 15 ఏళ్ల లోపు పిల్లలను, 60 దాటినవారిని స్టేషన్‌కు రమ్మనకూడదు, వాళ్లున్న చోటికే పోలీసులు రావాలి.

అరెస్టు చేస్తే అక్కడికక్కడే ఒక మెమో రాస్తారు. దాని మీద కుటుంబ సభ్యుడో ఆ వీధిలోని పెద్దమనిషో సాక్షి సంతకం చేయాలి, అరెస్టు అయినవాడూ సంతకం పెట్టాలి. తేదీ, సమయం సరిగా ఉన్నాయా అని చూసుకోవాలి, ఎందుకంటే 24 గంటల లెక్కకు ఆధారం ఇదే. ఏ కారణంతో అరెస్టు చేశారో రాతపూర్వకంగా, అతనికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలని సుప్రీంకోర్టు 2025లో స్పష్టం చేసింది. చెన్నైలోనో సూరత్‌లోనో పట్టుబడిన తెలుగు కూలీకి ఈ తీర్పు ఎంత అవసరమో వేరే చెప్పాలా?

మెమో మీద సంతకం వేరు, పోలీసులు రాసుకున్న వాంగ్మూలం మీద సంతకం వేరు. దర్యాప్తులో పోలీసుకు ఇచ్చిన వాంగ్మూలం మీద సంతకం తీసుకోకూడదని చట్టమే చెబుతోంది. పోలీసు ముందు నేరం ఒప్పుకున్నా ఆ ఒప్పుకోలు కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. తనకు తానే వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమని ఎవరినీ బలవంతం చేయకూడదని 20(3) అధికరణం. ఖాళీ కాగితం మీద సంతకం మాత్రం ఎవరు అడిగినా పెట్టకూడదు.

ఇంట్లోవాళ్లు ఆ సమయంలో చేయాల్సింది 15100కు ఫోన్ చేయడం. దేశమంతటికీ ఒకటే నంబరు, ఉచితం. లేకపోతే జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థ ఫ్రంట్ ఆఫీసుకు వెళ్లాలి. తెల్ల కాగితం మీద రాసి ఇచ్చినా సరే, రాయడం రాకపోతే నోటితో చెప్పినా సరే, అక్కడివారు రాసుకుంటారు. మనిషి పేరు, ఏ స్టేషన్, ఎప్పుడు తీసుకెళ్లారు, ఎఫ్‌ఐఆర్ నంబరు తెలిస్తే అది, ఇవి చెప్పగలిగితే పని త్వరగా అవుతుంది. సున్నితమైన కేసులు తప్ప మిగతా ఎఫ్‌ఐఆర్‌లను 24 గంటల్లోగా పోలీసుల వెబ్‌సైటులో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది కాబట్టి కాపీ అక్కడ వెతకవచ్చు.

చాలా జిల్లాల్లో ఇప్పుడు 2022లో మొదలైన లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ విధానం నడుస్తోంది. ఇందులోని న్యాయవాదులు జీతం తీసుకుని నిందితుల కేసులే చూస్తారు, సొంత ప్రాక్టీసు ఉండదు. పబ్లిక్ ప్రాసిక్యూటరుకు అవతలి పక్కన ప్రభుత్వమే పెట్టిన మనిషి అన్నమాట. వీళ్లు గానీ ప్యానెల్ వకీళ్లు గానీ కక్షిదారు దగ్గర పైసా తీసుకోకూడదు. అడిగితే జిల్లా సంస్థ కార్యదర్శికి చెప్పవచ్చు, ఆ కార్యదర్శి న్యాయాధికారి. వకీలు వాయిదాలకు రాకపోయినా, కేసు గురించి మాట్లాడటానికి దొరకకపోయినా, మార్చమని అడగవచ్చు.

ఉచిత వకీలు అంటే పనికిరానివాడన్న అభిప్రాయం జనంలో గట్టిగా ఉంది. దీన్ని పూర్తిగా కొట్టిపారేయలేం. కేసు కాగితాలు ఆ ఉదయమే చేతికందిన వకీలుతో అదే రోజు వాదన చేయించిన విచారణలు ఉన్నాయి. అలాంటి ఒక కేసులోనే, 2019లో, ఉరిశిక్ష గానీ యావజ్జీవం గానీ పడే అవకాశమున్న కేసులకు కనీసం పదేళ్ల అనుభవమున్న వకీలునే పెట్టాలని, సిద్ధం కావడానికి కనీసం ఏడు రోజులు ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది. మంచి వకీలు ఉండి కూడా పల్లెటూరి కుటుంబం ఆ నమ్మకంతోనే పొలం తాకట్టు పెట్టి ప్రైవేటు వకీలు దగ్గరికి పరుగెత్తడం మరో విషాదం.

బెయిలు దగ్గర ఆగిపోయినవాళ్లు

2022 చివరికి మన జైళ్లలో 5,73,220 మంది ఉంటే, వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే అని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. నలుగురిలో ముగ్గురు. మోతీరామ్ తీర్పు వచ్చి అప్పటికి నలభై నాలుగేళ్లు.

చట్టంలో తలుపులు కొన్ని ఉన్నాయి. బెయిలబుల్ నేరమైతే వారం రోజుల్లో జామీను తెచ్చుకోలేనివాడిని పేదవాడిగానే భావించి సొంత బాండు మీద వదలాలి. అభియోగ పత్రం 60 రోజుల్లో, పదేళ్లు అంతకు మించి శిక్ష పడే పెద్ద నేరాలైతే 90 రోజుల్లో దాఖలు కాకపోతే బెయిల్ హక్కుగా వస్తుంది. దానికి దరఖాస్తు పెట్టాలి, ఆ రోజు లెక్కపెట్టి గుర్తుచేసే వకీలు లేకపోతే ఆ హక్కు జారిపోతుంది. గతంలో ఏ నేరంలోనూ దోషిగా తేలనివాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం, మిగతావారు సగం కాలం లోపల గడిపితే 479వ సెక్షన్ కింద విడుదల చేయాలి. ఉరి, యావజ్జీవం పడే నేరాలకు, మరో కేసు పెండింగులో ఉన్నవారికి ఇది వర్తించదు. ఈ దరఖాస్తు పెట్టే బాధ్యత జైలు సూపరింటెండెంటుకు కూడా ఉంది. బెయిలు వచ్చి ఏడు రోజులైనా బయటికి రాని ఖైదీ గురించి సూపరింటెండెంటు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు చెప్పాలని 2023లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

ఎంత ఘోరమైన నేరమైనా

మొదటి ప్రశ్న మళ్లీ ఇక్కడ తల ఎత్తుతుంది. 2008 ముంబై దాడుల కేసులో కసబ్ తరఫున వాదించడానికి మొదట ఎవరూ ముందుకు రాలేదు. కోర్టే న్యాయవాదులను నియమించింది. సుప్రీంకోర్టులోనూ అతని కోసం సీనియర్ న్యాయవాది రాజు రామచంద్రన్ వాదించారు. శిక్ష ఖాయమైంది. విచారణ న్యాయంగా జరగలేదని ప్రపంచంలో ఎవరూ వేలు చూపకుండా నిలిచింది అంటే, ఆ వకీళ్ల వల్లే. ఫలానా నిందితుడి తరఫున మా ఊళ్లో ఎవరూ వాదించరాదని బార్ అసోసియేషన్లు అప్పుడప్పుడు తీర్మానాలు చేస్తుంటాయి. అవి చెల్లవని 2010లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది.

మీ వయసువాళ్ల మీద కేసు పడితే

18 ఏళ్లు నిండనివారికి వర్తించేది 2015 నాటి బాలల న్యాయ చట్టం. వాళ్లను లాకప్‌లో గానీ జైల్లో గానీ ఎట్టి పరిస్థితిలోనూ ఉంచకూడదు. ప్రత్యేక బాలల పోలీసు విభాగానికి గానీ, స్టేషన్‌లోని బాలల సంక్షేమ పోలీసు అధికారికి గానీ అప్పగించి, 24 గంటల్లోగా బాలల న్యాయ మండలి ముందు హాజరు పరచాలి. తల్లిదండ్రులకు కబురు చేయాలి. వకీలును సమకూర్చే బాధ్యత ఆ మండలిదే. పేరు, ఫోటో, బడి పేరు పత్రికల్లో రాకూడదు, రాస్తే నేరం. క్లాసు వాట్సాప్ గ్రూపులో ఫోటో పంచుకునేవారు కూడా ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. వయసుకు రుజువు ముఖ్యం. బడి ఇచ్చిన పుట్టినతేదీ ధ్రువపత్రాన్నో, పదో తరగతి సర్టిఫికెట్‌నో మొదట చూస్తారు కాబట్టి, ఇంట్లో అది ఎక్కడుందో తెలిసి ఉండాలి.

చర్చకు, చేసి చూడటానికి

1. మీ జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయం ఎక్కడుందో, ఏ వేళల్లో తెరిచి ఉంటుందో కనుక్కోండి. ఆ వివరాలను మీ రాష్ట్ర భాషలో, తెలుగులో, హిందీలో రాసి బడి బోర్డు మీద పెట్టండి.

2. సుక్ దాస్ కేసులో హైకోర్టు వాదనను సమర్థిస్తూ ఇద్దరు, సుప్రీంకోర్టు వాదనను సమర్థిస్తూ ఇద్దరు మాట్లాడండి. మిగతావారు తీర్పు రాయండి.

3. మీ రాష్ట్రంలో పనికి వచ్చిన, అక్కడి భాష రాని ఒక కూలీని అరెస్టు చేశారనుకుందాం. అతని తమ్ముడు మీ ఇంటి తలుపు తట్టాడు. అతనితో మీరు అడగాల్సిన మొదటి ఐదు ప్రశ్నలు రాయండి.